డ్రాయర్ మీద రక్తపు మరక, మూడో చోట దొరికిన జవాబు: పిల్లల యూరాలజీ ఓపీ గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగు రివ్యూ. ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నా. ఆస్పత్రి పేరు రాయడం లేదు, పాప విషయం కాబట్టి. పేరు లేని రివ్యూ ఎందుకంటారా? ఇదే మరక చూసి బెంబేలెత్తిన అమ్మ ఎవరైనా ఉంటే, మంచి డాక్టరు ఈ జబ్బుని ఎలా చూస్తారో, ఎంతసేపు చూస్తారో తెలిస్తే చాలు, తను వెళ్లిన చోటు సరైనదో కాదో తనే తేల్చుకోగలదు.

మా పాపకి ఐదేళ్లు. ఒకరోజు సాయంత్రం స్నానానికి బట్టలు విప్పుతుంటే డ్రాయర్ మీద బొటనవేలి గోరంత ఎర్రటి మరక కనిపించింది. నొప్పి లేదు, జ్వరం లేదు, పాప నన్ను పట్టించుకోకుండా బకెట్లో నీళ్లు చిమ్ముతూ ఆడుకుంటోంది. మా అత్తయ్య చూసి "ఇంత పసిదానికి పెద్దమనిషి అవ్వడమేంటే" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన సైకిల్ మీంచి ఎప్పుడైనా పడిందేమో అని ఆలోచించడం మొదలుపెట్టారు. నాకు వచ్చిన ఆలోచన మాత్రం పైకి అనలేదు, స్కూల్లో గానీ ఇంకెక్కడైనా గానీ ఎవరైనా పిల్లని ఏమైనా చేశారేమో అని. ఆ రాత్రి ముగ్గురం మూడు భయాలతో పడుకున్నాం, పాప ఒక్కతే హాయిగా నిద్రపోయింది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో పాపని బల్ల మీద పడుకోబెట్టి రెండు సెకన్లు చూసి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాసిచ్చారు. యూరిన్ టెస్టు కూడా చేయించలేదు. మందు అయిపోయింది, మరకలు ఆగలేదు. పైగా ఈసారి నేనే సరిగ్గా చూస్తే మూత్రం వచ్చే చోట ఎర్రగా, చిన్న గుండీ అంత ఏదో ఉబ్బి కనిపించింది.

రెండో చోట ఇంకా ఘోరం. ఆయన చూడగానే "ఏదో గడ్డలా ఉంది, ఎంఆర్ఐ తీయాలి, అవసరమైతే ముక్క తీసి టెస్టుకి పంపాలి" అనేశారు, పాప వింటుండగానే. తర్వాత బయట కుర్చీల దగ్గర, పది మంది కూర్చున్న చోట, ఒక స్టాఫ్ వచ్చి "ఇంట్లో మగవాళ్లు ఎవరెవరుంటారు?" అని గట్టిగా అడిగింది. ఆ ప్రశ్న అడగాల్సిందేనని నాకు తర్వాత అర్థమైంది. కానీ అడిగే చోటు అదా, అడిగే తీరు అదా? మా ఆయన మొహం తెల్లబోయింది. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆయన పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి కూడా జంకారు. ఆ చోటు గురించి ఇంతకంటే రాయను.

ఇక అసలు రివ్యూ. ఇది పిల్లల సర్జన్లు నడిపే యూరాలజీ ఓపీ. వెయిటింగ్ బాగానే ఉంటుంది, రెండు గంటలకి తక్కువ అనుకుని వెళ్లకండి, బొమ్మలో బొమ్మల పుస్తకాలో పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లాక మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. డాక్టర్ మేడమ్ ముందు నాతో కాదు, పాపతో మాట్లాడారు. "నీకు ఒంటికి పోసుకునే చోట ఏదో ఇబ్బందిగా ఉందట కదా, అమ్మ ఇక్కడే ఉంటుంది, నేను ఒకసారి చూడనా? వద్దంటే ఆపేస్తాను" అన్నారు. పాప కాసేపు ఆలోచించి సరే అంది. నన్ను బల్ల మీద కూర్చోమని పాపని నా ఒళ్లోనే వెనక్కి ఆనించి, కాళ్లు కప్పలా మడిచి పెట్టమన్నారు. నర్సు పక్కనే నిలబడింది, కర్టెన్ వేసి ఉంది. లోపల ఏ పరికరమూ పెట్టలేదు. మంచి లైటు, గ్లవ్స్ వేసుకున్న చేతులు, అంతే. చర్మాన్ని రెండు పక్కలా మెల్లగా తన వైపుకి లాగి చూశారు. మొదటి రెండు చోట్లా చేయనిది ఈ ఒక్క పనే. అలా లాగకపోతే ఎర్రగా ఏదో ఉందని తెలుస్తుంది గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదట.

నిమిషంలో తేల్చేశారు. యురెత్రల్ ప్రొలాప్స్. అంటే మూత్రనాళం లోపలి పొర బయటికి జారడం. నా మొహం చూసి ఆవిడ తన కోటు చెయ్యి పట్టుకుని లోపలి లైనింగ్ గుడ్డని మణికట్టు దగ్గర బయటికి తిరగేసి చూపించారు. "ఇదమ్మా జరిగింది. కోటుకి ఏమీ కాలేదు, లైనింగ్ బయటికొచ్చింది. బయటికొచ్చింది కాబట్టి బట్టకి రాసుకుని వాచింది, వాచింది కాబట్టి రక్తం." ఇంతకంటే బాగా ఎవరైనా చెప్తారా నాకు తెలీదు.

గుర్తు ఏంటంటే, అది చుట్టకుదురులా గుండ్రంగా ఉంటుంది, మూత్రద్వారం చుట్టూతా, సరిగ్గా మధ్యలో చిల్లు. ఆ చిల్లులోంచే మూత్రం రావాలి. యోని ద్వారం దాని కింద వేరుగా, మామూలుగా కనిపించాలి. ఈ రెండూ కళ్లతో చూస్తే చాలావరకు రోగనిర్ధారణ అయిపోయినట్టే. అనుమానం మిగిలితే ఆ చిల్లులోంచి సన్నటి గొట్టం పోనిచ్చి మూత్రం వస్తుందో లేదో చూస్తారట, మా పాపకి ఆ అవసరం రాలేదు. తర్వాత నర్సు పాపని టాయిలెట్‌కి తీసుకెళ్లి, నన్ను కూడా చూడమని, ధార మధ్యలోంచే వస్తోందని చూపించింది. ఇంత సింపుల్ పరీక్ష చేయకుండా ఎంఆర్ఐ దాకా ఎలా వెళ్లారో ఆ రెండో ఆయన్నే అడగాలి.

మరి మా మూడు భయాలు, ఆ "గడ్డ"? పైకి అనగలిగినవి నేను ఒక్కొక్కటీ అడిగాను, ఆవిడ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు. పెద్దమనిషి అవ్వడం కాదు, ఎందుకంటే రక్తం వచ్చేది యోనిలోంచి కాదు, ఈ పొరలోంచి. పైగా వయసుకి ముందే ఎదుగుదల మొదలైన గుర్తులు వేరేగా ఉంటాయి, రొమ్ము దగ్గర చూసి లేవన్నారు. దెబ్బ అయితే నీలంగా కమలడమో చీరుకోవడమో ఉంటుంది, అదీ సాధారణంగా ఒక పక్కకే, ఇలా చుట్టూ సమానంగా ఉండదు. గడ్డల సంగతికొస్తే, అలాంటివి ఉంటాయి, కొట్టిపారేయలేదు ఆవిడ. మూత్రాశయంలో యురెటరోసీల్ అని నీటి సంచి లాంటిది ఒకటి ఉంటుంది, అది కూడా ఈ దారిలోంచి బయటికి జారొచ్చు. పాలిప్ అనే చిన్న కండ పెరుగుదల ఉండొచ్చు, రక్తనాళాల ముద్ద ఉండొచ్చు, పక్కన నీటి తిత్తి ఉండొచ్చు. చాలా అరుదుగా చిన్నపిల్లల్లో ద్రాక్ష గుత్తిలా కనిపించే క్యాన్సర్ ఉంటుంది. కానీ వీటిలో ఏదీ మధ్యలో చిల్లుతో నున్నటి ఉంగరంలా ఉండదు. యురెటరోసీల్ లేదని రూఢి చేసుకోవడానికి కిడ్నీలకీ మూత్రాశయానికీ ఒక అల్ట్రాసౌండ్, ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తెలుసుకోవడానికి యూరిన్ టెస్టు, దాంతోపాటే కల్చర్, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూడడం. ఈ రెండే రాశారు. రెండూ క్లియర్. ముక్క తీయడం లేదు, ఎంఆర్ఐ లేదు.

నేను పైకి అనని ఆ మూడో భయాన్ని ఆవిడే ఎత్తారు, అది కూడా పాపని నర్సుతో బొమ్మల దగ్గరికి పంపించి, తలుపు వేసి. "రక్తం కనిపించిన ప్రతి పిల్ల విషయంలోనూ మేం ఇది అడుగుతాం, మీ ఒక్కర్నే కాదు" అని మొదలుపెట్టారు. పాప ప్రవర్తనలో మార్పు ఉందా, ఎవరితోనైనా ఉండడానికి భయపడుతోందా, నిద్రలో ఉలిక్కిపడుతోందా అని అడిగారు. తర్వాత పాపని కూడా కాసేపు విడిగా మాట్లాడించారు. అన్నీ విన్నాక, ఈ జబ్బుని తెలియని వాళ్లు చూసి అఘాయిత్యం అనుకోవడం చాలాసార్లు జరుగుతుందనీ, దీనివల్ల ఏ తప్పూ చేయని కుటుంబాలు నలిగిపోతాయనీ, అలాగని ఈ జబ్బు ఉంది కదా అని అడగడం మానేయకూడదనీ చెప్పారు. ఇంటికొచ్చి మా ఆయనకి ఈ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఈ ఒక్క పదిహేను నిమిషాలకే మూడు స్టార్లు ఇవ్వొచ్చు.

ఎందుకొస్తుంది అంటే పూర్తి కారణం ఒక్కటే అని లేదు. మూత్రనాళం చుట్టూ కండరం రెండు పొరలుగా ఉంటుంది, లోపలిది నిలువుగా, బయటిది చుట్టుగా. ఆ రెండిటి మధ్య పట్టు కొందరికి వదులుగా ఉంటుందట. దానికి తోడు పొట్టలో ఒత్తిడి పెరిగితే, అంటే విడవకుండా దగ్గడం, మలబద్ధకంతో ముక్కడం లాంటివి, లోపలి పొర జారిపోతుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ తక్కువగా ఉండడం ఇంకో కారణం. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ కొన్నాళ్లకి తగ్గిపోతుంది, మళ్లీ ఈడు వచ్చేదాకా పెరగదు, ఆ మధ్య కాలంలో అక్కడి పొర పలచగా ఉంటుంది. అందుకే ఇది ఎక్కువగా పదేళ్ల లోపు ఆడపిల్లల్లో, లేదంటే నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లలో కనిపిస్తుంది. ఈ ముక్క మా అత్తయ్యకి చెప్తే "అయితే నాక్కూడా రావొచ్చా" అని ఆవిడ టెన్షన్ మొదలైంది, అది వేరే కథ. ఆఫ్రికన్ మూలాలున్న పిల్లల్లో ఎక్కువగా చూశారట గానీ ఏ పిల్లకైనా రావొచ్చు. వైద్య వ్యాసాల్లో దీన్ని మొదట వర్ణించినవాడిగా సోలింగెన్ పేరు, 1732 సంవత్సరం కనిపిస్తాయి. దాదాపు మూడొందల ఏళ్ల నాటి సంగతి, మా మొదటి ఇద్దరు డాక్టర్లకీ ఇంకా చేరలేదు.

మా పాపకి దారి ఎక్కడ తెరుచుకుందో నాకు వెంటనే తెలిసింది. నెలరోజులుగా రెండు మూడు రోజులకోసారి గానీ దొడ్డికి వెళ్లడం లేదు, వెళ్తే మొహం ఎర్రబడేలా ముక్కేది. అది నాకు పెద్ద విషయంగా తోచలేదు అప్పట్లో.

వైద్యం మొదట మందులతోనే. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో రోజుకి రెండు మూడు సార్లు పది నిమిషాలు కూర్చోబెట్టడం, తర్వాత మెత్తగా అద్ది, ఈస్ట్రోజెన్ క్రీమ్ పలచగా ఆ ఉంగరం మీదే రాయడం. మలం మెత్తబడడానికి సిరప్, నీళ్లు ఎక్కువ తాగించడం, పీచు ఉన్నవి పెట్టడం. కాటన్ డ్రాయర్లు, బిగుతు లేనివి. సబ్బు, పౌడరు అక్కడ వద్దు. చేత్తో లోపలికి తోయాలని ఇంట్లో ప్రయత్నం చేయొద్దని రెండుసార్లు చెప్పారు. నల్లగా మారినా, విపరీతంగా నొప్పి పుట్టినా, మూత్రం బిగిసిపోయినా, రక్తం ఆగకపోయినా ఓపీ రోజు కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి రమ్మన్నారు, ఎందుకంటే అప్పుడు ఆ పొరకి రక్తప్రసరణ ఆగిపోతోందని అర్థం, ఇక క్రీమ్‌తో అయ్యే పని కాదు.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. చీటీ మీద క్రీమ్ "కొద్దిగా" అని రాశారు. కొద్దిగా అంటే ఎంత? హార్మోన్ క్రీమ్ కదా, ఎక్కువైతే పిల్ల రొమ్ము దగ్గర కొంచెం ఉబ్బొచ్చు, అక్కడి చర్మం రంగు మారొచ్చు అని వాళ్లే చెప్పారు. మందు ఆపితే అవి తగ్గిపోతాయన్నారు గానీ, అలాంటి మందుకి కొలత స్పష్టంగా రాయొద్దా? నేను ఇచ్చిన నంబరుకి రెండు రోజులు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు నేరుగా వెళ్తే నర్సు తన వేలి చివర పెసరగింజంత తీసి చూపించింది. ఆ చూపించడమేదో మొదటి రోజే చేయాల్సింది.

రెండు వారాలకి వాపు సగం తగ్గింది, మరకలు ఆగాయి. మేం సంబరపడ్డాం. నాలుగో వారంలో జలుబు, దగ్గు పట్టుకున్నాయి. అంతే, మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి ముదురు రంగులో, ఒంటికి వెళ్లేటప్పుడు మంటతో. మందులతో తగ్గిన వాళ్లలో కొందరికి ఇలా తిరగబెట్టడం మామూలేనని మొదటి రోజే చెప్పారు కాబట్టి షాక్ అవలేదు. ఇంకోసారి క్రీమ్ వాడి చూడొచ్చు, లేదా ఆపరేషన్ చేయొచ్చు, రెండూ సరైన దారులే, మీరు ఆలోచించుకోండి అన్నారు. నాకు నచ్చింది ఏంటంటే ఆపరేషన్ వైపు నెట్టలేదు, క్రీమ్ వైపూ నెట్టలేదు. పాప మంటకి భయపడి ఒంటికి వెళ్లకుండా ఆపుకోవడం మొదలుపెట్టింది, అందుకే మేం ఆపరేషన్‌కి ఒప్పుకున్నాం.

పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. బయటికి జారిన పొరని చుట్టూతా కత్తిరించి, మిగిలిన ఆరోగ్యమైన అంచుని మూత్రద్వారం చుట్టూ చర్మానికి కలిపి వాటంతటవే కరిగిపోయే కుట్లు వేస్తారు. మొత్తం ఒకేసారి కోసేస్తే అంచు లోపలికి జారిపోతుందట, అందుకని కొంచెం కోసి ఒక కుట్టు, మళ్లీ కొంచెం కోసి ఒక కుట్టు, అలా చుట్టి వస్తారు. పాత రోజుల్లో లోపల గొట్టం పెట్టి దాని మీద పొరని దారంతో బిగించి కట్టేసేవారట, అది ఎండి రాలిపోయేదాకా పిల్లలు నొప్పితో అల్లాడేవారు. కత్తిరించిన ముక్కని మాత్రం ల్యాబ్‌కి పంపారు, మామూలు పొరే అని రిపోర్టొచ్చింది.

రెండో ఫిర్యాదు ఆ రోజుదే. అర్ధరాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా వద్దు అన్నారు. పొద్దున ఎనిమిదికి అన్న ఆపరేషన్ పదకొండు దాటింది, పాప దాహం అని ఏడుస్తూనే ఉంది. అప్పుడు వచ్చిన మత్తు డాక్టర్ "నీళ్లు రెండు గంటల ముందు వరకు తాగించొచ్చే, ఆరు గంటల లెక్క అన్నానికి, ఎవరూ చెప్పలేదా?" అని ఆయనే ఆశ్చర్యపోయారు. ఎవరూ చెప్పలేదు. వార్డులో ఉన్నవాళ్లకీ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నవాళ్లకీ మధ్య మాట అందకపోతే ఎండిపోయేది పిల్ల నోరు. మీకు ఆపరేషన్ పడితే ఈ ప్రశ్న ముందురోజే మత్తు డాక్టర్‌ని అడగండి.

లోపల అరగంట పట్టింది. బయటికొచ్చాక చిన్న గొట్టం ఉంది, మర్నాడు పొద్దున తీసేశారు. తీశాక మొదటిసారి ఒంటికి వెళ్లడానికి పాప ససేమిరా అంది. నర్సు బెదిరించలేదు, బతిమాలలేదు. గోరువెచ్చటి నీళ్ల టబ్బు తెచ్చి "ఇందులో కూర్చుని నీళ్లలోనే పోసేయ్, ఎవరూ ఏమీ అనరు" అంది. పాపకి అది పెద్ద అల్లరి పనిలా అనిపించి నవ్వింది, పని అయిపోయింది. ఇలాంటివి ఏ చీటీలోనూ రాయరు. ఆ నర్సుకి విడిగా స్టార్లు ఇచ్చే వీలుంటే బాగుండు.

వారం రోజులు కొద్దిగా మంట, ఒకటి రెండు చుక్కల రక్తం, అవి ఉంటాయని ముందే చెప్పారు. మలం మెత్తబడే సిరప్ ఇంకా నడుస్తోంది, ఆపేస్తే మళ్లీ ముక్కుతుంది కాబట్టి. చూసుకోవాల్సింది ఒకటే అన్నారు, కుట్లు మానేటప్పుడు ద్వారం ఇరుకవ్వొచ్చు. ధార సన్నబడినా, పక్కకి చిమ్మినా, ఒంటికి పోయడానికి చాలాసేపు పట్టినా రావాలి. ఆరు వారాల చెకప్‌లో మేడమ్ చూసి అంతా బాగుందన్నారు, మూడు నెలలకి ఇంకోసారి రమ్మన్నారు. ఆ మాటలు పాప ఎక్కడ విందో గానీ ఇప్పుడు రోజూ టాయిలెట్‌లోంచి "అమ్మా, తిన్నగానే వస్తోంది!" అని ఇల్లంతా వినబడేలా అరుస్తుంది. చుట్టాలున్నా సరే.

ఆ మిగిలిన స్టార్ ఎక్కడ పోయిందంటే, ఎత్తని ఆ ఫోను దగ్గర. నిన్న కూడా మూడు నెలల అపాయింట్‌మెంట్ కోసం చేశాను. ఇంకా మోగుతూనే ఉంది.